చారలకాళ్ళ రక్కసితో టేపు బాబాయి పోరు

వానలు వెలిసి, మబ్బులు మూటాముల్లె సర్దుకొని పోగా, వీధిగుంటలలో ఆకాశము ముక్కముక్కలుగా పడియున్న వేళ. గడియారము పదిన్నర కొట్టి, కుట్టుమిషను టకటకమని రణభేరి మ్రోగించు వేళ. ఒక మూడంతస్తుల మేడ క్రింది గదిలో, సకల సూచీధర శిఖామణియు, కర్తరీపాణియు, అంగుళమాన విశారదుడును, మెడలో కొలతపట్టిక నిత్యము హారమై వ్రేలాడుటచే వీధివారందరిచేత ‘టేపు బాబాయి’ యని పిలువబడువాడును నగు దర్జీ, బడిపిల్లల యూనిఫారములు పండ్రెండు జతలు ముందు వేసికొని మిషను త్రొక్కుచుండెను.

ఆ మిషను క్రింది నీడలో పొంచియుండెను శత్రువు! నల్లని మేన తెల్లచారల కవచము. పెసరగింజకన్న చిన్నదగు దేహము. మగదోమలు పూదేనెతో పొట్ట పోసికొనుచుండ, గుడ్లకొఱకు మనుజరక్తము గోరు ఆడదోమ యది. ప్రక్కనున్న పంక్చర్ల దుకాణము వెనుక, పాత టైరులో నిలిచిన తేటనీట పుట్టినది. పండ్రెండు దినముల క్రిందట జ్వరముతో మూల్గుచున్న పంక్చర్ల మేస్త్రీని కుట్టి, ఆ రక్తముతోపాటు డెంగీ వైరసు సేనను కడుపున దాల్చి, ఆ సేన పెరిగి తన లాలాజలమును చేరువఱకు ఓపిక పట్టినది.

“ఓరీ దర్జీ! నీ సూది గుడ్డను గ్రుచ్చును. నా సూది నిన్నే గ్రుచ్చును, కాచుకొనుము!” అని గొణిగి, చీలమండపై వ్రాలి, పని ముగించెను.

“అబ్బా!” అని బాబాయి చఱచెను. దెబ్బ తన కాలికే తగిలెను.

“ఫుల్ ప్యాంటు వేసుకోమంటే వింటారా?” అనెను, ఎదుట కాజాలు కుట్టుచున్న ఆయన భార్య.

“పగటి దోమ ఏం చేస్తుందే? మురిక్కాలవ దోమలకి భయపడాలి గానీ, ఇది మంచినీళ్ళలో పుట్టింది. మర్యాదస్తురాలు!”

మర్యాదస్తురాలి కానుక ఆఱవనాడు విప్పుకొనెను. నూటమూడు డిగ్రీల జ్వరాగ్ని ప్రజ్వరిల్లెను. కన్నుల వెనుక కమ్మరులు సుత్తులు మోదిరి. కీలుకీలున కత్తులు దిగెను.

“ఒళ్ళంతా ఎవరో విప్పేసి మళ్ళీ కుట్టినట్టుందే,” అని మూల్గెను వీరుడు. “అదీ తిరగేసి కుట్టారు.”

రక్తపరీక్ష చేయించి డాక్టరమ్మ తీర్పు చెప్పెను: “డెంగీ. పారాసెటమాల్ తప్ప వేరే నొప్పి మాత్రల జోలికి పోకండి, లోపల రక్తం కారుతుంది. నీళ్ళు బాగా తాగించండమ్మా. పగలు కూడా దోమతెర కట్టండి. ఇప్పుడీయన్ని కుట్టిన దోమ తర్వాత మిమ్మల్ని కుడుతుంది. ఇంకో మాట. జ్వరం తగ్గాక ఇంకా జాగ్రత్తగా ఉండాలి. వాంతులైనా, కాళ్ళు చల్లబడినా, మూత్రం ఆగినా వెంటనే తీసుకురండి.”

జ్వరము తగిలిన అయిదవనాటి ఉదయమున అది దిగెను. బాబాయి దోమతెరలోనే లేచి నిలిచి, తల పైగుడ్డకు తగులుచుండగా, సింహనాదము చేసెను: “పారిపోయిందే! నాతో పెట్టుకుంటే అంతే! పద, షాపు తెరుద్దాం!”

అనిన మఱుక్షణమే పొట్ట పట్టుకొని కూలబడి, రెండుమార్లు వాంతి చేసికొనెను. భార్య ఆయన పాదమును ముట్టెను. మంచువలె చల్లగా నుండెను.

“పొద్దుట్నుంచి ఒకటికి వెళ్ళారా?”

“రాలేదు.”

“అయితే ఆస్పత్రికి పదండి.”

“పన్నెండు జతలున్నాయే! పిల్లలకి...”

“పిల్లలకి పాత యూనిఫారాలున్నాయి. నాకు స్పేరు మొగుడు లేడు. లేవండి!”

ఆస్పత్రిలో చూడగా, లక్షలలో నుండవలసిన ప్లేట్‌లెట్లు నలువదివేలకు కూలినవి. రక్తనాళముల గోడలు నాసిరకపు జాలీగుడ్డవలె కారి, రక్తములోని నీరు కడుపులోనికి ఊరుచున్నది. చేతికి సెలైను తగిలించి డాక్టరమ్మ, గీతలున్న ప్లాస్టిక్ జగ్గు నొకదానిని భార్య చేతికిచ్చెను.

“అంకెల సంగతి నేను చూసుకుంటా. ఈయనకి మూత్రం వస్తోందో లేదో మీరు చూడండి. వస్తే నీరు రక్తనాళాల్లో నిలుస్తున్నట్టు, గండం గడుస్తున్నట్టు.”

పదకొండు గంటలు. పండ్రెండు. సెలైను చుక్కచుక్కగా దిగుచుండెను. జగ్గు మాత్రము ఎండియుండెను. ముప్పదియేండ్లుగా దేనికిని జంకని ఆ ఇల్లాలు, ఎండిన జగ్గును మఱలమఱల వంచి చూచెను.

“ఊరందరి కొలతలూ తీశారు కదా,” అని ఆమె ఆయన చెవిలో చెప్పెను. “ఈ ఒక్క కొలత నాకివ్వండి.”

ఆయన కన్నులు మూసికొనెను.

మూడు దాటి పది నిమిషములకు మంచము కదలెను.

“ఏమేవ్. ఆ జగ్గు ఇలా ఇవ్వు.”

ఆమె చెంగున లేచెను.

“అటు తిరుగు.”

“ఇన్నేళ్ళ కాపురం చేసి నా దగ్గర సిగ్గేంటండీ!”

“తిరగమంటే తిరుగు. చూస్తుంటే రాదు.”

ఆమె గోడవైపు తిరిగి, ఊపిరి బిగబట్టి, చెవులు రిక్కించెను. మొదట నిశ్శబ్దము. తరువాత ఒక చినుకు. ఆ పిమ్మట సన్నని ధార! ఆమె గోడకు నుదురానించి ఏడ్చెను, నవ్వెను, రెండును కలిపి చేసెను.

నర్సు వచ్చి జగ్గును వెలుగున కెత్తి, “నూట ఎనభై,” అని చీటీలో వ్రాసికొనెను.

వినుడో జనులారా! సముద్రములు దాటినవారుందురు గాక, కోటలు కూల్చినవారుందురు గాక! ఆ పగటివేళ, ఆ ఆఱవ నంబరు మంచముపై, సెలైను గొట్టపు సంకెలలో నుండియు, సూచీధర శిఖామణి టేపు బాబాయి, నూట ఎనుబది మిల్లీలీటర్లు, అక్షరాల నూట ఎనుబది, పోసెను!