పైనుంచి వచ్చేది

మధ్యాహ్నంలోపల షంషాద్ బీ మేడ సంగతి తేల్చేసి, ఇంటికెళ్లి భోంచేసి ఓ కునుకు తీయాలని త్రికోటేశ్వరరావు అనుకున్నాడు. ఆయన నరసరావుపేట మునిసిపాలిటీలో ఓవర్సీరు. మనిషి మంచివాడే గానీ, ముఖం ఎప్పుడూ పరామర్శకు వచ్చినవాడిలా ఉండేది. శుభలేఖ అందుకున్నా అదే ముఖం.

అది నలభై రెండో సంవత్సరం వేసవి. విశాఖపట్నం మీద బాంబులు పడ్డాక మద్రాసు జనం పెట్టేబేడా సర్దుకుని లోపలి ఊళ్లకు వచ్చి సత్రాల్లో పడుకుంటున్నారు. వాళ్లకు అద్దెకివ్వడానికే, చనిపోయిన దూది వర్తకుడి భార్య షంషాద్ బీ తన సందులో వాటాల మేడకు ప్లాను పెట్టింది. అదే సందులో, ఆదిలక్ష్మమ్మ గారింటి వెనక కిటికీ లేని ఒంటిగదిలో ఓవర్సీరు కాపురం. "ఆ మేడ లేస్తే ముందు మనకో వాటా అడగండి. ఈ చీకట్లో నాకు ఊపిరాడటం లేదు" అని భార్య యశోద ఆ పొద్దున కూడా చెప్పింది.

ప్లాను అన్నివిధాలా బాగుంది. సందే బాగాలేదు. మేడ కట్టాలంటే ముందున్న వీధి ఇరవై అడుగులుండాలి. సర్వే పటంలో ఉంది, నేల మీద లేదు. రెండు వైపులా అరుగులు ముందుకు జరిగి జరిగి వీధిని మింగేశాయి. త్రికోటేశ్వరరావు గొలుసు పట్టి కొలిచి, వీధి అంచు ఎక్కడుండాలో అక్కడ సున్నంతో గీత గీసుకుంటూ పోయాడు. అది ఆదిలక్ష్మమ్మ అరుగు మధ్యగా సాగింది.

"ఏంది నాయనా ఈ గీత?" అని ఆవిడ బయటికొచ్చింది.

హుకుం రాకముందు ఆఫీసు సంగతులు చెప్పకూడదు. అబద్ధమాడటం ఆయనకు చేతకాదు. "గీతకి ఇవతల ఉన్నదేదీ మిగలదండీ" అన్నాడు ముక్తసరిగా.

"ఎప్పుడు?"

"అది పైనుంచి రావాలి. ఏ రోజైనా రావచ్చు. సామాను ముందే తీసేసుకోండి."

ఆవిడ తలెత్తి ఆకాశం చూసింది. తర్వాత ఆయన ముఖం చూసింది. ఇక అనుమానం మిగల్లేదు.

ఎదురింటి మెకానిక్కు ముర్తుజా పరుగెత్తుకొచ్చాడు. "మా వైపు గూడా వస్తదా సార్?"

"రెండు వైపులా వస్తుంది. నాకు మాత్రం సంతోషమా?" అని త్రికోటేశ్వరరావు నిట్టూర్చి, ఇంటికి పోకుండానే ఆఫీసుకెళ్లి రిపోర్టు రాయడానికి కూర్చున్నాడు.

గీత గీసింది బాంబులేసే విమానాలకు గుర్తుగానట అన్న మాట ఆయన వెనకే బయలుదేరి, ఆయనకన్నా ముందే బజారు చేరింది. సాయంత్రం బంట్రోతు సుభానీ వచ్చి గొంతు తగ్గించి చెప్పాడు. "కమిషనరుగారు ఇంట్లోవాళ్లని మాచర్ల రైలెక్కించారండీ. బాంబులంట. ఎవరో లోపలి మనిషే చెప్పాడంట."

త్రికోటేశ్వరరావు రిపోర్టు వదిలేసి ఇంటికి పరుగెత్తాడు.

సందంతా తాళాలు. చివర షంషాద్ బీ ఒక్కతే కూర్చుని ఉంది, కొంగున అందరూ అప్పగించిపోయిన తాళంచెవుల గుత్తి.

"మీ ఆవిడ ఆదిలక్ష్మమ్మ బండెక్కి రాజుపాలెం పోయింది బాబూ. ఊరందరికీ చెప్పి, కట్టుకున్నదానికి చెప్పలేదని చానా ఏడ్చింది."

ఆయన నెత్తి పట్టుకున్నాడు. "నేను చెప్పింది అరుగుల గురించమ్మా! అరుగులు కొట్టేస్తారని!"

షంషాద్ బీ కొంగు నోట కుక్కుకుని నవ్వింది. "అట్నా? అయితే పోయి అందర్నీ పిలుచుకురా."

ఆయన కదల్లేదు. "నా మాట అరుగుల గురించే. కానీ కమిషనరుగారు ఊరికే ఇంట్లోవాళ్లని పంపిస్తారా? ఆయనకి వేరే ఏదో తెలిసుంటుంది. మీరు కూడా వెళ్లిపోండమ్మా."

"నేనేడికి పోతాను? నా ప్లాను మాత్రం వెనక్కిచ్చెయ్. ఇన్ని ఇళ్లు ఖాళీగా పెట్టుకుని మేడెందుకు? ఊరోళ్లు వచ్చేదాకా అద్దె వసూలు చేసి పెడతాలే."

మాట పూర్తికాకముందే, ఇళ్లు ఖాళీ అయ్యాయని విన్న మద్రాసు వాళ్ల బళ్లు సత్రాల నుంచి సందులోకి తిరిగాయి. ఓ కుటుంబం పరుపుచుట్టలు దించుకుని నేరుగా యశోద చీకటి గదిలోకే పోయింది. ఆయన గుమ్మం దగ్గర నిలబడి, దండెం మీద ఉన్న తన పంచె మాత్రం అడిగి తీసుకున్నాడు.

రాజుపాలెం వైపు వెళ్లే, పెట్రోలు లేక బొగ్గుతో నడిచే బస్సు కదలడానికి ఇంకా వ్యవధి ఉంది. చెప్పకుండా పోవడం పద్ధతి కాదని, కడుపునొప్పి అని సెలవు చీటీ రాసి పట్టుకుని ఆఫీసుకు వెళ్లాడు.

తలుపులన్నీ బార్లా తెరిచే ఉన్నాయి. చీటీ తీసుకోవడానికి అక్కడ ఎవరూ లేరు.