ఇస్రాయేలుకు పట్టా

నిజాం సర్కారు రోజుల్లో కల్వకుర్తి బాట పక్కనున్న ఒక ఊళ్లో, ఇస్రాయేలు కోడి కూయకముందే లేచి ఒక్కటే పని పెట్టుకున్నాడు. తన బంజోకు పట్టా చేయించాలి. పట్టా అంటే భుజాన వేసుకునే తోలు పట్టా. భూమికి రాసిచ్చే పట్టా వేరు. ఆ పొద్దున ఈ తేడా ఇస్రాయేలుకూ అతని పెళ్లాం సైదమ్మకూ చెప్పులు కుట్టే జానయ్యకూ తప్ప ఊళ్లో ఎవరికీ తెలియకుండా పోయింది.

బంజో అంటే క్రైస్తవ మిషను దొరసాని ఊరు విడిచిపోతూ ఇచ్చిన వాద్యం. దాని పూర్తి పేరు బంజో యుకులేలీ. అంత పేరు పలికేలోపు పాట అయిపోతుందని అందరూ బంజో అనే అనేవారు. చిన్న డప్పుకు కర్రమెడ అతికించి, నాలుగు తీగలు లాగినట్టు ఉంటుంది. ఒళ్లో పెట్టుకుని ఇస్రాయేలు వాయించాడంటే వట్టిపోయిన బర్రెలు కూడా చేపుకు వచ్చేవి. లేచి నిలబడితే మాత్రం అది అప్పుడే పుట్టిన మేకపిల్లలా చేతుల్లోంచి జారిపోయేది.

ఆ మధ్యాహ్నమే మిషనుకు కొత్త దొర మోటారులో వస్తున్నాడు. ఊరూరా నడుస్తూ పాటలు పాడే మేళంలోకి ఒకణ్ణి తీసుకుంటాడు. నడుస్తూ వాయిస్తే ఇస్రాయేలుకు కొలువు. లేకుంటే బతుకంతా ఊరి భూముల లెక్కలు రాసే పట్వారీ రఘుపతిరావు పొలంలో కూలి.

"జానయ్య తాన్కి పోతున్న. పట్టా లేకుంట ఇంటికి రాను," అన్నాడు ఇస్రాయేలు, గడపలో ఒక కాలు, వాకిట్లో ఒక కాలు పెట్టి.

"జర నిమ్మలంగ పోరాదు! నీ ఉరుకులాట జూస్తె నాకే కాళ్లు నిలుస్తలేవు," అంటూ సైదమ్మ కుండెత్తుకుని బావికి పోయింది.

బావి దగ్గర గుర్వమ్మ ఉంది. ఊళ్లో ఎవరింట్లో ఏం ఉడికినా మూత తీసి చూసే మనిషి.

"ఏమే, నీ పెనిమిటి ఏడికి ఉరుకుతాండు?"

"పట్టా కోసం, గుర్వక్కా."

"పట్టానా! దేనికే?"

"దొరసానమ్మ పోతపోత ఇచ్చిపోయింది గద, దానికే. పట్టా లేక ఇన్నొద్దులు చేతుల నిలుస్తనే లేదు."

"ఔ మల్ల, పట్టా లేకుంటె ఎట్ల నిలుస్తది!"

గుర్వమ్మ కుండ బావి గట్టు మీదే వదిలేసి పరుగెత్తింది. దొరసాని ఇస్రాయేలుకు ఒక ఎర్రనేల చెల్క ఇచ్చిందని మొగుడు బాలయ్యకు చెప్పింది. బాలయ్య దాన్ని కల్లు మండువకు చేర్చేసరికి చెల్క నల్లరేగడి అయింది. మండువ దాటేసరికి అందులో బావి పడింది, మోట తోలుతున్నారు కూడా. పట్వారీ గడప తొక్కేసరికి పట్వారీ మామిడితోట మొత్తం ఇస్రాయేలు హద్దుల్లో కలిసిపోయింది.

అక్కడ చెప్పులు కుట్టే జానయ్య గుడిసె ముందు ఇస్రాయేలు నిలవలేక కూర్చోలేక తిరుగుతున్నాడు. జానయ్య మొదట ఎద్దు మెడపట్టా తెచ్చి వేశాడు. తీగ మీటితే గజ్జెలు మోగాయి.

"నేనేమన్న జాతరకు పోయే ఎద్దునా?"

తర్వాత మోట తోలు వేశాడు. అది పలకలా బిగుసుకుని ఇస్రాయేలు తలను పక్కకు తిప్పింది. చివరకు మేకతోలు కుదిరింది. ఒక కొస బంజో అడుగున ఉన్న ఇనుప కొక్కేనికి కట్టారు. రెండో కొస తీగలు బిగించే బిరడాల కింద కర్రమెడకు కట్టాలి.

"తోలుకు తూటు వొడిస్తె మంచిగ పట్టుకుంటది," అంటూ జానయ్య తోలు పొడిచే ఆరె తీసి బంజో పొట్ట మీద ఆనించాడు.

"అమ్మో! దాని పానం తీస్తవా?" ఇస్రాయేలు బంజోను కొంగులో బిడ్డలా లాక్కున్నాడు.

అంతలో బాలయ్య, అతని వెనుక సగం ఊరు వచ్చింది.

"జానన్నా, ఇస్రాయేలుకు పట్టా జేస్తున్నవట?"

"చేస్తున్న. ఏమాయె?"

"మరి నాకో?"

"నీకేంటికి? నీ తాన ఏమున్నది?"

"ఏం లేదనే గద అడుగుతున్న!"

"నాగ్గూడ!" "మా అవ్వక్కూడ!" అంటూ జనం గుడిసె మీద పడ్డారు. జానయ్యకు ఏమీ అర్థం కాలేదు గానీ, గిరాకీ చూసి సంతోషపడ్డాడు. "అందరికి చేస్త. మేకలు దొరకాలె గంతే!"

జనాన్ని చీల్చుకుంటూ రఘుపతిరావు వచ్చాడు. రుమాలు ఒకవైపు, కోపం ఒకవైపు జారుతున్నాయి.

"ఏందిరా ఇస్రాయేలూ! నాకు తెల్వకుంట ఊర్ల పట్టాలైతయా? ఏదీ, నా చేతికియ్యి!"

"గిదిగో అయ్యా," అని జానయ్య వేలాడుతున్న కొస చూపించాడు. పట్వారీ అదేమిటో చూడకుండానే గుప్పిట బిగించి లాగాడు. బంజో ఇస్రాయేలు చేతుల్లోంచి జారి పట్టాకు వేలాడింది.

సరిగ్గా అప్పుడే మోటారు వచ్చి ఆగింది. దొర దిగాడు. పుస్తకంలో చదువుకున్న తెలుగు ఆయనది.

"ఇస్రాయేలు అనువాడెవడు? నడుచుచు వాయింపుము."

పట్వారీ అప్పుడు చేతిలోకి చూసుకున్నాడు. "ఒరేయ్, తోలురా ఇది!"

"మేకతోలే అయ్యా, మెత్తగుంటది. మీ కాల్మొక్త, ఇడువకుండ్రి. దొరసానమ్మ సామాను, కింద వడితె పలుగుతది. దొర జూస్తాండు!" అన్నాడు ఇస్రాయేలు.

దొర చూస్తూనే ఉన్నాడు. పట్వారీ వదల్లేదు. ఇస్రాయేలు నడుస్తూ మీటాడు, పట్వారీ చెయ్యి పైకెత్తి పట్టా పట్టుకుని పక్కనే నడిచాడు. పట్వారీ సాబే దగ్గరుండి పట్టా ఇప్పిస్తున్నాడనుకుని ఊరంతా వెనకాలే కదిలింది. మిషను బంగ్లా చేరేసరికి పాట నల్లమల దాకా వినిపించిందంటారు.

"బహు సంతోషము!" అన్నాడు దొర. "ఇస్రాయేలును తీసుకొంటిని. చెయ్యెత్తి నడిచిన ఈ సహోదరుడును మేళములో చేరవలెను."

"నేనా! ఒద్దు దొరా, ఒద్దు!" పట్వారీ గాభరాగా పట్టాను ఇస్రాయేలు భుజం మీదుగా వేసి, కొసను బిరడాల కింద గట్టిగా రెండు ముళ్లు వేశాడు. "గిదిగో, ఇంక వానిది వానికే!"

ఆ ఊళ్లో ఒక కూలివాడికి పట్వారీ తన చేతులతో పట్టా కట్టబెట్టడం అదే మొదటిసారి.