నడిమి రిషభం

ఆ ఆదివారం రాజశేఖర్ వేసుకున్న పథకం చిన్నదే. పొద్దున్నే ఆఖరి సాధన ముగించి, భోంచేసి, కాసేపు నడుం వాల్చి, సాయంత్రం కడపలో సభకు వెళ్లి తన కొత్త కృతి వినిపించాలి. రెండు వయొలిన్లు, రెండు క్లారినెట్లు. కువైట్ నుంచి వచ్చిన పక్కింటి ఖాదర్ వినిపించిన బయాతీ అనే అరబ్బు రాగం మనసుకు పట్టి, ఏడాదిపాటు కూర్చుని కట్టిన కృతి. అందులో రిషభం, అంటే 'రి' స్వరం, మన శుద్ధ రిషభానికీ చతుశ్రుతి రిషభానికీ నడుమ నిలుస్తుంది. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఆయన ఆ స్వరం పట్టగానే శిష్యురాలు శ్రీవాణి తన వయొలిన్ శ్రుతి సరిచూసుకునేది. క్లారినెట్ వాయించే మారెన్న, పరమేష్ దాన్ని పైకో కిందికో సర్దేవారు.

"మల్లా తప్పుతాండారు! ఆ నడిమిది పట్టుకోండప్పా!" అని రాజశేఖర్ కమాను దించాడు.

"నడిమిది యాడుండాది సార్?" అన్నాడు మారెన్న.

వంటింట్లోంచి వింటున్న ఆయన భార్య యామిని పొయ్యి ఆపేసింది. ఆమె చిన్నప్పుడు గాత్రం నేర్చుకున్న మనిషి. భర్త శ్రుతి తప్పుతున్నాడు, తప్పుతున్నట్టు తెలియడం కూడా లేదు. అంటే చెవి పోయినట్టే. సభలో జనం నవ్వితే ఆయన మళ్లీ వయొలిన్ ముట్టడు.

ఆయన స్నానానికి వెళ్లగానే ముగ్గురినీ వసారాలోకి పిలిచింది.

"సార్‌కు చెవి మందగించినట్టుండాది. ఈ పొద్దుకు మీరే కాపాడాల. ఆయన ఎట్ల తప్పితే మీరూ అట్లే తప్పండి. నలుగురూ ఒకే మాదిరి తప్పితే, జనం అదే పద్ధతి అనుకుంటారు."

"శానా కష్టమొచ్చెనే తల్లీ," అని మారెన్న కళ్లు తుడుచుకున్నాడు.

పరమేష్ ఆ మాట మైకు అతని చెవిన వేశాడు. మైకు అతను నిర్వాహకులకు చెప్పాడు. సాయంత్రం అధ్యక్షులవారు రాజశేఖర్ చెవి దగ్గర "బాగుండారా?" అని కేకపెట్టారు. మిగిలినవాళ్లు సైగలతోనే కుర్చీ చూపించి, సైగలతోనే కాఫీ ఇచ్చారు. పెద్ద సభల్లో ఇలాగే ఉంటుంది కాబోలని ఆయన అనుకున్నాడు.

కృతి మొదలైంది. ఆ స్వరం దగ్గరికి వచ్చేసరికి ముగ్గురూ చెవులు రిక్కించి, ఆయన ఎక్కడ నిలిస్తే అక్కడే నిలిచారు. నాలుగు వాద్యాలూ ఒక్కటై మోగాయి. రాజశేఖర్ కళ్లలో నీళ్లు తిరిగాయి.

కృతి ముగిశాక ముందు లేచి నిలబడింది ఖాదర్. "వారెవ్వా సార్! కువైట్‌లో విన్నట్టే ఉండాది!" అని అరిచాడు. తర్వాత సభంతా చప్పట్లు.

ఖాదర్ మాటతో తన పొరపాటు తెలిసిన యామిని, ఆటోలో ఇంటికి వస్తూ జరిగిందంతా చెప్పేసింది. "మీకు చెవుడని నేనే అంటిని. రేప్పొద్దున్నే వాళ్లకు నిజం చెప్తా."

రాజశేఖర్ వయొలిన్ పెట్టెను ఒళ్లో సర్దుకున్నాడు.

"చెప్పాకు," అన్నాడు. "ఇన్నాళ్లకు నా మాట వింటాండారు."