రేకుల మీది కంప్యూటర్లు

కంప్యూటర్ పనిచేయడం మానేసిన రోజు నుంచే దాని అసలు ఉపయోగం మొదలవుతుంది. ఈ మాట నమ్మనివాళ్లు విడపనకల్లులో బస్సెక్కి, ఆ బస్సు వెనక్కి తిరిగే చివరి ఊళ్లో దిగి, హైస్కూలు హెడ్మాస్టరు విష్ణువర్ధన్ సారును కలవాల. ఆయన బడిలో పది కంప్యూటర్లు ఉండేవి. పదీ చచ్చిపోయి చాలా ఏండ్లయింది. అయినా పదీ రోజూ పనిచేస్తుండేవి.

సారు ఆ బడికి బదిలీ మీద వచ్చి మూడేండ్లు. ఛార్జి తీసుకున్న రోజు స్టాక్ రిజిస్టర్లో పది కంప్యూటర్లు కనిపించినాయి. గదిలో కూడా పదీ కనిపించినాయి, కాకపోతే దుమ్ము కింద. అవి వచ్చినప్పుడు బడికి కరెంటు లేదట. కరెంటు వచ్చేసరికి నేర్పే మనిషి కాంట్రాక్టు అయిపోయి వెళ్లిపోయినాడట. ఇంకో మనిషి కోసం ఎదురుచూస్తూ చూస్తూ అవి ముసలివైపోయినాయి. పారేద్దామా అంటే, ఇవి పనికిరావని ఒక టెక్నికల్ అధికారి వచ్చి చూసి సంతకం పెట్టాల. ఆ అధికారి పోస్టు ఖాళీ.

ఏటా జూన్‌లో పైనుంచి ఒక ఫారం వస్తుంది. 'మీ పాఠశాలలో కంప్యూటర్లు వినియోగంలో ఉన్నాయా?' అని అందులో ఒక ప్రశ్న. లేవంటే, ఎందుకు లేవని మెమో. ఉన్నాయంటే అబద్ధం. విష్ణువర్ధన్ సారు ఇరవై రెండేండ్లు లెక్కలు చెప్పిన మనిషి. తప్పు జవాబు రాయడానికి ఆయనకు చెయ్యి రాదు. రెండు రోజులు ఆలోచించినాడు. మూడోరోజు కంప్యూటర్లను వినియోగంలోకి తెచ్చినాడు.

ఆషాఢంలో ఆ ఊరి గాలి సంగతి మీకు తెలియదు. వానను తెచ్చే గాలి కాదు, వానను తరిమేసే గాలి. వంటగది రేకులు అప్పటికే రెండుసార్లు లేచిపోయి పక్కన శివప్ప చేన్లో పడినాయి. సారు ఆరు సీపీయూలను ఆ రేకుల మీదికి ఎక్కించినాడు. మళ్లీ ఒక్క రేకు కదిలితే ఒట్టు. బండరాయి అయితే దొర్లుతుంది, సీపీయూ దొర్లదు. దాన్ని కనిపెట్టినవాళ్లకు కూడా ఈ సంగతి తట్టి ఉండదు.

ఒక మానిటర్ కడుపులోదంతా తీసేస్తే, మధ్యాహ్న భోజనం వండే బయమ్మ అందులో చింతపండు పెట్టుకునింది. చీమ ఎక్కలేదని ఊరంతా చెప్పుకునింది. ఇంకో మానిటర్ నల్లటి అద్దంలో చూసుకుని టీచర్లు తల దువ్వుకున్నారు. మౌసు వైర్లతో గేటుకు కట్లు కట్టినారు. ఒక కీబోర్డు ఆరో తరగతికి పోయింది, ఇంగ్లీషు అక్షరాలు చూపించేదానికి. ఎ పక్కన బి ఎందుకు లేదని పిల్లలు అడిగితే మాత్రం, అది కంపెనీవాళ్లను అడగాలని సారు చెప్పినాడు.

ఇట్లా అన్నింటికీ తలా ఒక పని అప్పగించి, ఫారంలో 'ఉన్నాయి' అని రాసి, నిబ్బరంగా సంతకం పెట్టినాడు. ఇందులో ఒక్క అక్షరమైనా అబద్ధం ఉందా?

అంతా సవ్యంగా నడుస్తుండగా ఆ బడికి ఫరీన్ అనే సైన్సు టీచర్ వచ్చింది. గుత్తి అమ్మాయి, ఉద్యోగానికి కొత్త. ఆమె తమ్ముడు తౌసిఫ్‌కు గుత్తిలో సెల్‌ఫోన్లు బాగుచేసే అంగడి ఉంది. వచ్చిన వారానికే ఆమె చూపు రేకుల మీద పడింది. సారును అడిగి, ఒక ఆదివారం తమ్ముణ్ణి పిలిపించి, ఆరు సీపీయూలనూ కిందికి దింపించింది. అవి ఎండకు ఎండినాయే గానీ వానకు తడవలేదు. తడపడానికి ఆ మూడేండ్లలో వాన ఎక్కడ పడిందని? ఒకదాని మెమరీ, ఇంకొకదాని హార్డ్ డిస్కు, మరొకదాని ఫ్యాను తీసి ఒకే పెట్టెలో బిగించి, తల దువ్వుకునే మానిటర్‌కు తగిలించి, తౌసిఫ్ స్విచ్చి వేసినాడు. రోడ్డు రోలరు కదిలినట్టు చప్పుడయింది. నాలుగు నిమిషాలకు తెర వెలిగింది.

సారుకు మొదట రేకులు గుర్తొచ్చినాయి; మిగిలిన ఐదు పెట్టెలనూ మళ్లీ పైకి ఎక్కించినాడు. తర్వాతే వచ్చి ఆ తెర ముందు కూర్చున్నాడు.

గదిలో ప్లగ్గు పనిచేయదు కాబట్టి దాన్ని వరండాలో పెట్టినారు. ఇంటర్నెట్ లేదు, ఆటలు లేవు. టైపింగు, పట్టికలు, బొమ్మలు గీయడం, అంతే. పిల్లలు వరుసలో నిలబడి తలా పది నిమిషాలు నేర్చుకున్నారు. అందరికంటే ముందు చెయ్యి తిరిగింది తొమ్మిదో తరగతి హేమకు.

హేమ నాయన తిప్పయ్యకు నాలుగెకరాల మెట్ట ఉంది. శెనక్కాయ ఎండిపోయిన ప్రతి ఏడూ పెండ్లాం పిల్లలను వెంటబెట్టుకుని బెంగళూరుకు మట్టిపనికి పోతాడు. హేమకు రెండేండ్లుగా ఏటా నాలుగు నెలల చదువు అట్లనే పోయింది. ఈసారి మూటలు కట్టే ముందు ఆ పిల్ల నాయనను చెయ్యి పట్టుకుని బడికి తీసుకొచ్చి, తెర మీద ఆయన పేరు తెలుగులో కొట్టి చూపించింది. తిప్పయ్య తన పేరును అంత పెద్దగా ఎప్పుడూ చూసుకోలేదు. తెర మీదినుంచి ఫరీన్ టీచర్ వైపు తిరిగి అన్నాడు.

"ఇది నేర్పిస్తామంటే బిడ్డను ఈడే వాళ్లవ్వ దగ్గర ఇడిచిపోతా మేడం. నేర్పకుంటే మాత్రం ఆడికే తీసుకపోతా."

నేర్పిస్తామని ఆమె మాటిచ్చింది. తిప్పయ్య మిగతావాళ్లను తీసుకుని బస్సెక్కినాడు.

డిసెంబర్లో ఇంకో ఫారం వచ్చింది. బళ్లకు కొత్త కంప్యూటర్లు ఇస్తారట. 'పనిచేస్తున్న కంప్యూటర్ల సంఖ్య' అన్నచోట సారు 'ఒకటి' అని రాసి పంపినాడు. మూడోరోజు ఆఫీసు నుంచి గుమాస్తా లింగప్ప ఫోన్ చేసినాడు. సున్నా ఉన్న బళ్లకే ఎనిమిదేసి కొత్తవి వస్తాయని, ఒకటి ఉన్న బడికి ఒక్కటీ రాదని, కాబట్టి సున్నా అని దిద్ది పంపమని చెప్పినాడు. ఒకటి పనిచేస్తుంటే సున్నా ఎట్లా రాసేదని సారు అడిగినాడు. లింగప్ప మంచి మనిషి. "అయితే దాన్ని పనిచేయకుండా చేయండి సార్. అది మీ చేతిలో పనే కదా" అన్నాడు.

కొత్తవి వచ్చేదాకా పాతదాన్ని కదిలించొద్దని ఫరీన్ టీచర్ గట్టిగానే చెప్పింది. సారు లెక్క వేసినాడు. ఒకటి ఉంటే పిల్లకు పది నిమిషాలు. ఎనిమిది ఉంటే ఎనభై. అంత తేడా కళ్లముందు కనిపిస్తుంటే ఏ లెక్కల సారు మాత్రం ఊరుకుంటాడు? ప్లగ్గు పీకించి, పెట్టెను మళ్లీ రేకుల మీదికి ఎక్కించి, అప్పుడు 'సున్నా' అని రాసినాడు.

ఫిబ్రవరిలో ఎనిమిదీ వచ్చినాయి. గదికి ప్లగ్గులు బాగుచేసినారు, కిటికీలకు గ్రిల్లు కొట్టినారు. ఒక నాయకుడు వచ్చి రిబ్బన్ కత్తిరించి, నేటి నుంచి ప్రపంచమే ఈ పిల్లల చేతుల్లో ఉంటుందని చెప్పి, ఫొటో దిగి వెళ్లినాడు. ఆయన కారు దుమ్ము అణగకముందే ఉత్తర్వు వచ్చింది. శిక్షకుణ్ణి నియమించే వరకు గదికి తాళం వేసి ఉంచాల. పరికరాలకు ఏ నష్టం జరిగినా హెడ్మాస్టరుదే బాధ్యత. శిక్షకుడి పోస్టు ఇంకా మంజూరు కాలేదు.

సారు తాళం వేసినాడు. పిల్లలు ఇంటర్వెల్లులో గ్రిల్లు పట్టుకుని లోపలికి చూసేవాళ్లు. ఎనిమిది కంప్యూటర్లు ఎనిమిది ముసుగులు కప్పుకుని కూర్చుని ఉండేవి.

మార్చిలో తిప్పయ్య ఏదో పని మీద ఊరికి వచ్చి, నేరుగా బడికి వచ్చినాడు.

"కంప్యూటర్లు వచ్చినాయంట కదా సార్."

"వచ్చినాయప్పా, ఎనిమిది."

"యాడుండాయి?"

సారు గది చూపించినాడు. తిప్పయ్య గ్రిల్లులోంచి తొంగి చూసి, తాళం చూసి, వెనక్కి వచ్చినాడు.

"ఒకటి ఉన్నప్పుడు నా బిడ్డ నేర్చుకునింది. ఎనిమిది వచ్చినాక ఏమీ నేర్చుకోలేదు. మీరు లెక్కల సారు, ఇది ఏం లెక్కో మీరే చెప్పండి. రేపు పొద్దున బస్సుకు దాన్ని పిల్చకపోతాండా."

ఆయన గొంతు పెంచలేదు. పెంచి ఉంటే సారుకు కాస్త సులువుగా ఉండేది. ఇరవై రెండేండ్లలో ఇట్లాంటి లెక్క ఆయనకు ఎవరూ ఇవ్వలేదు. నిచ్చెన తెప్పించి, యాభై ఆరేండ్ల వయసులో తానే రేకుల మీదికి ఎక్కినాడు. ఫరీన్ టీచర్ నిచ్చెన పట్టుకునింది. పెట్టె కిందికి దిగింది గానీ తెర వెలగలేదు. తౌసిఫ్ ఫోన్లో చెప్తుంటే ఆమె మెమరీ ముక్క ఊడదీసి, రబ్బరుతో రుద్ది మళ్లీ పెట్టింది. రోడ్డు రోలరు కదిలింది.

తిప్పయ్య బడి వదిలేదాకా వరండాలోనే కూర్చుని, బిడ్డ టైపు కొట్టేది చూసినాడు. మరుసటి రోజు బస్సుకు ఒక్కడే పోయినాడు.

ఆ వారమే పైనుంచి ఒక లేఖ వచ్చింది. వచ్చే ఏడాదికి బడికి ఇంకేం కావాలో తెలపాలట. సారు చెప్తుంటే హేమ టైపు చేసింది:

'ఆర్యా, తమరు పంపిన ఎనిమిది కంప్యూటర్లు క్షేమంగా ఉన్నవి. ఎవరూ ముట్టుకోలేదు. మా పాఠశాలకు మరో ఐదు కంప్యూటర్లు అవసరం. దయచేసి ఈసారి పాతవి పంపగలరు. కొత్తవాటికి తాళం వేయమని ఉత్తర్వులు ఉన్నవి. పాతవాటికి లేవు.'

ప్రింటర్ లేదు కాబట్టి, తెర మీద చూసుకుంటూ సారు దాన్ని తెల్లకాగితం మీద చేత్తో రాసుకున్నాడు.

"సార్, గదిలో ఉండేటివి పాతవి అయ్యేదానికి ఎన్నేండ్లు పడుతాది?" అని హేమ అడిగింది.

సారు ఒక క్షణం లెక్క వేసినాడు. "పదేండ్లు అనుకో."

"మా చెల్లెలికి ఇప్పుడు నాలుగేండ్లు సార్" అనింది హేమ సంతోషంగా. "సరిగ్గా అది తొమ్మిదో తరగతికి వచ్చేసరికి అందుతాయి."