మాణిక్యాలరావు తెచ్చిన మొహం

శరభయ్య అరుగు మీద పేకాటను చెడగొట్టినవాడు మాణిక్యాలరావు. ఇందులో రెండో మాట లేదు.

భార్య బాలసరస్వతి పోయినప్పటి నుంచి ఆ ఇంట్లో మనిషి గొంతు వినిపించేది మధ్యాహ్నం పూటే. ఎదురింటి కొబ్బరికాయల వ్యాపారి మాణిక్యాలరావు, రిటైరైన మేష్టరు శ్రీరామమూర్తి భోజనాలు కానిచ్చి వచ్చేవారు. చింతపిక్కలు పందెం పెట్టుకుని ముగ్గురూ రమ్మీ ఆడేవారు. ఆటకన్నా మాటలెక్కువ. ముక్క ఎత్తితే ఓ తిట్టు, ముక్క వేస్తే ఓ సామెత. జోకరు వచ్చిందంటే శరభయ్య కనుబొమలు నెత్తికెక్కేవి. అది చూసి మిగతా ఇద్దరూ ముక్కలు పడేసేవారు. అలా రోజూ ఓడిపోతూ కూడా ఆయన ఒక్కనాడూ ఆట మానలేదు.

ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటి ఏడు వేసవిలో మాణిక్యాలరావు కాయల బేరానికి అమలాపురం వెళ్ళి, అక్కడ ఒక క్లబ్బులో పేకాటే జీవనంగా బతికే మనిషిని చూసి వచ్చాడు. ఆ మనిషి నల్ల కళ్ళజోడు పెట్టుకుంటాడట. పెదవి చివర సిగరెట్టు వేలాడుతుందట. ముక్క మంచిదొచ్చినా చెడ్డదొచ్చినా మొహంలో గీత కదలదట. మాణిక్యాలరావు ఆ మొహాన్ని ఊళ్ళోకి మోసుకొచ్చాడు.

మర్నాటి నుంచి అరుగు మీద మాట బంద్. మాణిక్యాలరావు నల్ల కళ్ళజోడుతో కూర్చుని, నీడపట్టున ఇస్పేటుకీ కళావరుకీ తేడా తెలియక తప్పుడు షోలు చేశాడు. శ్రీరామమూర్తికి నల్లజోడు దొరక్క, కంటి ఆపరేషనప్పుడు ఇచ్చిన ఆకుపచ్చ అద్దాలు తగిలించుకున్నాడు. పుట్టి బుద్ధెరిగి చుట్ట తప్ప కాల్చని మేష్టరు సిగరెట్టు వేలాడదీస్తే అది జారి పంచె కాలింది. ఇంతా చేసి గెలుచుకునేది చింతపిక్కలు. శరభయ్యకి ఒళ్ళు మండిపోయింది. ఇది ఆటా, మౌనవ్రతమా అని అడిగాడు.

"మీ వల్ల కాదులెండి శరభయ్యగారూ," అన్నాడు మాణిక్యాలరావు. "తమరి మొహం గోడకేసిన పంచాంగమండి. దారినపోయేవాడు కూడా తిథి చెప్పేత్తాడు."

ఆ మాటకి పందెం పుట్టింది. మర్నాడు పొద్దుటి కాఫీ దగ్గర్నుంచి దీపాలు పెట్టేదాకా ఇద్దరూ మొహం కదపకూడదు, మాట్లాడకూడదు, సైగ చేయకూడదు. ముందు కదిలినవాడు ఓడినట్టు. మాణిక్యాలరావు ఓడితే కళ్ళజోడు కాలవలో పారేసి, పూర్వంలా నోరారా మాట్లాడుతూ ఆడాలి. శరభయ్య ఓడితే ఆట ఎదురింటి అరుగుకి మారిపోతుంది, శాశ్వతంగా. శరభయ్య ఒప్పుకున్నాడు. సాక్షి శ్రీరామమూర్తి. ఆ సాక్షి, మర్నాడు శనివారమన్న సంగతి జ్ఞాపకం వచ్చి, పొద్దున్నే వాడపల్లి వెంకన్న దర్శనానికి చక్కా పోయాడు. దీపాల వేళకి వస్తానన్నాడు.

శనివారం పొద్దున శరభయ్య కాఫీ తాగి, అరుగు మీద పడక్కుర్చీ వేసుకుని, మొహం బిగించాడు. మాణిక్యాలరావు ఇంకా రాలేదు. చూసేవాడు లేడని మాట తప్పే మనిషి కాదు శరభయ్య. అంట్లు తోమే అప్పాయమ్మ బాగా ఆలస్యంగా వచ్చింది. రోజూ అయితే ఆమె వీధి మలుపు తిరగకముందే తిట్లు మొదలయ్యేవి. ఇవాళ లేవు. ఆమె తనంతట తనే, కోడలికి నలతగా ఉందని సంజాయిషీ చెప్పుకుంది. జవాబు లేదు. దగ్గరికొచ్చి మొహంలోకి చూసింది.

"తిట్టండి బాబుగారూ," అంది. "తవరు తిట్టకపోతే నాకు భయంగా ఉందండి."

శరభయ్య కొబ్బరిచెట్ల వైపు చూస్తూ ఉండిపోయాడు. అప్పాయమ్మ చీపురు అక్కడే పారేసి, బాబుగారికి నోరు పడిపోయిందని వీధి వీధంతా చెప్పి వచ్చింది.

కాసేపట్లో అరుగు నిండిపోయింది. మందులిచ్చే సత్యం వచ్చి, కనురెప్పలు ఎత్తి చూసి, మోకాలి మీద కొట్టాడు. కాలు ఎగిరింది. కాలు బాగానే ఉంది కాబట్టి వచ్చినది మొహానికేనని తేల్చాడు. సరిగ్గా అప్పుడే మాణిక్యాలరావు నల్ల కళ్ళజోడుతో, మొహం బిగించుకుని అరుగు దగ్గరికి వచ్చాడు. అక్కడి సంగతి చూశాడు. స్తంభంలా నిలబడిపోయాడు. ఒక్క మాట చెబితే గొడవ అక్కడికి తీరిపోయేది. చెబితే ఓడిపోతాడు. ఆయన చెప్పలేదు.

"ఎంత స్నేహమో చూడండి. రావుగారు కొయ్యబారిపోయేరు," అని ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు.

ఇంత జరుగుతుంటే నిలబడి చూసే మనిషి ఒక మనిషా అనుకున్నాడు శరభయ్య. తను మాత్రం నోరెందుకు విప్పాలి? విప్పితే అరుగు పోతుంది.

కబురందుకుని మధ్యాహ్నం బస్సుకి అమలాపురం నుంచి అక్కగారు కామాక్షమ్మ దిగింది. మరదలు పోయిన నాటి నుంచీ, తమ్ముడు ఒంటరిగా ఉండకూడదని వాదిస్తున్న మనిషి. బావురుమని కాసేపు ఏడ్చి, కళ్ళొత్తుకుని, పెత్తనం చేతిలోకి తీసుకుంది. పక్షవాతానికి పావురం నెత్తురు రాయాలని ఎవరో అన్నారు. రైసుమిల్లు కప్పు మీద పావురాలు పెంచే సింహాద్రికి కబురు వెళ్ళింది. తన సూదికన్నా అదే నయమని సత్యం కూడా ఒప్పుకుని పెట్టె మూసేశాడు.

ఉల్లిపాయ గుమ్మం తొక్కని ఇల్లు అది. బాలసరస్వతి మడి కట్టుకుని తిరిగిన పెరట్లో సింహాద్రి పావురాన్ని కోశాడు. ఆపదలో మడేమిటంది కామాక్షమ్మ. వెచ్చటి నెత్తురు గిన్నెలో పట్టి తెచ్చి, రెండు చెంపలకీ, గడ్డానికీ పట్టించారు. ఈగలు వచ్చాయి. శరభయ్య కదల్లేదు. బాలసరస్వతి ఉంటే ఒక్కసారి చూసి, చాల్లెండి వేషాలు, లేచి స్నానం చెయ్యండి అనేది. అనేవాళ్ళు లేకే ఇంత జరిగింది.

పొద్దు వాలింది. కామాక్షమ్మ వంగి తమ్ముడి మొహాన్ని పరీక్షగా చూసింది.

"ఒరే సింహాద్రీ, ఎడంపక్క ఇంకాస్త రాయి నాయనా. వీడికి చిన్నప్పట్నుంచీ ఆ పక్క మూతి కాస్త వంకరే. పనిలో పని అది కూడా సరైపోతుంది."

మాణిక్యాలరావు మీసం వణికింది. పెదవి సాగింది. ఆయన గబగబా కండువా మొహాన కప్పుకున్నాడు. భుజాలు ఎగిరెగిరి పడ్డాయి. పాపం ఏడుస్తున్నాడని అంతా అనుకున్నారు. శరభయ్య ఒక్కడికి తెలుసు.

"కదిలేవు. ఓడిపోయేవోయ్ మాణిక్యాలరావూ," అన్నాడు శరభయ్య.

అరుగంతా ఒక్కసారి గొల్లుమంది. మాటొచ్చింది. పావురం పనిచేసింది. కామాక్షమ్మ ఇంట్లోకి పరుగెత్తి కొత్త పంచె తెచ్చి సింహాద్రి చేతిలో పెట్టింది. శరభయ్య కుర్చీలోంచి లేచి, పక్షవాతమూ లేదు పాడూ లేదు, ఇదంతా పేకాట పందెమని మొదట్నుంచీ చెప్పుకొచ్చాడు. చెబుతున్నకొద్దీ వినేవాళ్ళ మొహాల్లో జాలి పెరిగింది.

"చింతపిక్కల ఆట కోసం నెత్తురు పూయించుకున్నావుట్రా?" అంది కామాక్షమ్మ మెల్లగా. ఆమె సత్యం వైపు చూసింది. సత్యం తన కణత మీద వేలు పెట్టి చూపించాడు.

"నువ్వు చెప్పవోయ్," అని శరభయ్య అరిచాడు.

కామాక్షమ్మ మాణిక్యాలరావు వైపు తిరిగింది. "నిజవేనా నాయనా? పందెవని తెలిసే పొద్దుట్నించీ నించుని చూస్తున్నావా?"

ఊరంతా ఆయన వైపు చూసింది. మాణిక్యాలరావు కండువా దించి కళ్ళజోడు తీశాడు. కనుబొమ కదల్లేదు. పెదవి వణకలేదు.

"పందెమేంటండీ?" అన్నాడు.

ఇన్నాళ్ళూ ఒక్క ఆటలోనూ కుదరని మొహం అప్పుడు కుదిరింది. అమలాపురం ఆటగాడు చూస్తే లేచి దణ్ణం పెట్టేవాడు.

అంతలో శ్రీరామమూర్తి ప్రసాదం పొట్లంతో వచ్చాడు. శరభయ్యకి ప్రాణం లేచి వచ్చింది. సాక్ష్యం చెప్పమన్నాడు. శ్రీరామమూర్తి గిన్నె చూశాడు, ఈకలు చూశాడు, కామాక్షమ్మని చూశాడు.

"నేను పొద్దుట్నించీ వాడపల్లిలో ఉన్నానండి," అన్నాడు. ప్రసాదం పంచిపెట్టాడు.

కామాక్షమ్మ మర్నాడు అమలాపురం నుంచి ట్రంకుపెట్టె తెప్పించుకుంది. రోగికి ఉప్పూ కారం తగలకూడదనీ, అరుగు మీద అలికిడి ఉండకూడదనీ సత్యం పథ్యం చెప్పాడు.

"ఆయ్, ఆయనకి విశ్రాంతి కావాలండి," అన్నాడు మాణిక్యాలరావు ఎంతో వినయంగా. "ఆట మా అరుగు మీద పెట్టుకుంటాం."

అక్కడ మళ్ళీ మాటలతోనే ఆడుతున్నారు. నల్ల కళ్ళజోడు పెట్టుకుంటే ముక్కలు కనబడటం లేదట. సామెతలూ తిట్లూ వీధి దాటి చప్పిడి కూడు తింటున్న శరభయ్య చెవిన పడుతూనే ఉంటాయి.

ఆనాటి సంగతి ఎవరు అడిగినా ఆయన నోరు విప్పడు. విప్పకపోతే సింహాద్రికి కబురు వెళుతుందని తెలిసినా విప్పడు.