‘ఇతరులు’ గడిపై బైండింగు పెద్దమ్మ దండయాత్ర

సంచిలో మొదట కళ్ళజోడు పడింది. ఆ కళ్ళజోడు పగిలితే పనికొచ్చే రెండో కళ్ళజోడు పడింది. వాటి వెంట నీళ్ళసీసా, దగ్గుమాత్రలు, గొడుగు, గొడుగు ఎగిరిపోతే కప్పుకోవడానికి తువ్వాలు, ఇంటి చిరునామా రాసిన చీటీ వరసగా వచ్చి తమతమ స్థానాలను అలంకరించాయి. ప్రచండకిరణుడైన భానుడు నడినెత్తి దాటి పడమటికి ఒరుగుతున్న ఆ మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాల వేళ, వంటగదికీ వీధితలుపుకీ మధ్యనున్న రెండున్నర అడుగుల రణప్రాంగణంలో, జీర్ణగ్రంథోద్ధారిణి, శిథిలపత్రసంధానచతుర, నలభై ఏళ్ళ పాటు ఊరి గ్రంథాలయంలో చిరిగిన పుస్తకాలు కుట్టి, కుడుతూ కుడుతూనే చదవడం నేర్చుకున్న విదుషీమణి, లోకంచేత ‘బైండింగు పెద్దమ్మ’ అని కీర్తింపబడే ఆ వృద్ధవీరాంగన సమరయాత్రకు సన్నద్ధురాలైంది.

“అత్తయ్యా, గ్రంథాలయం మూడు వీధుల అవతలే కదా! సంచి చూస్తే సముద్రం దాటేలా ఉన్నారు,” అంది కోడలు.

“నవ్వు, నవ్వు. ఐదున్నరకి రాకపోతే మనిషిని పంపు.”

“ఆరింటికి పంపుతాను.”

“ఐదున్నరకి.”

“సరే. చిన్నత్తయ్య పేరు రాస్తారంటారా వాళ్ళు?”

“రాయించుకోకుండా వస్తానా?”

ఈ చిన్నత్తయ్య పెద్దమ్మకు ఒక్కగానొక్క చెల్లెలు. ప్రభుత్వాసుపత్రిలో నర్సు. వరదల్లో ఏటి అవతలి ఊళ్ళో పిల్లలకు టీకాలు వేయడానికి ఐసుపెట్టె పట్టుకుని పడవెక్కింది. తర్వాత పడవ దొరికింది, పెట్టె దొరికింది. పెట్టెలో మంచు ఇంకా కరగలేదట, ఆ టీకాలే నూట పన్నెండు మంది పిల్లలకు వేశారు. మనిషి మాత్రం దొరకలేదు. కృతజ్ఞతాభారంతో క్రుంగిపోయిన ఆసుపత్రివారు హాజరుపట్టీలో ఆమె పేరుకెదురుగా ‘అనుమతి లేకుండా గైర్హాజరు’ అని ఎర్రసిరాతో, నెలకొకసారి చొప్పున, మూడేళ్ళ పాటు శ్రద్ధగా రాసి తమ ఋణం తీర్చుకున్నారు.

అదిగో, అదంతా జరిగిన ఎన్నో ఏళ్ళకి, దేశపు అత్యున్నత పురస్కారానికి అర్హులెవరో ప్రజలే బహిరంగంగా చర్చించి చెప్పాలని, ఊరికి మూడు పేర్లు సాయంత్రం ఐదు లోపల పంపాలని ఉత్తర్వు వచ్చింది. మూడు కాగితాల ఆ ఫారంలో మొదటి పేజీ మీద మూడు గీతలున్నాయి. వాటి కింద ఒక గడి ఉంది. అందులో ‘ఇతరులు: ...... మంది’ అని ఉంది. పెద్దమ్మ దండెత్తింది ఆ గడి మీదికే.

గ్రంథాలయపు పఠనమందిరం అప్పటికే ప్లాస్టిక్ కుర్చీల కిరకిరారావాలతో దద్దరిల్లుతోంది. తూర్పు గోడ పక్కన తన ప్రశంసాపత్రాలు పద్నాలుగింటిని అద్దాల చట్రాలతో సహా తోపుడుబండి మీద తెప్పించుకుని, గణితశాస్త్రకుంజరుడైన రిటైర్డు హెడ్మాస్టరు వ్యూహం పన్ని ఉన్నాడు. పడమట, తన ఫొటో వేసిన అంబులెన్సును కిటికీలోంచి అందరికీ కనిపించేలా నిలబెట్టించి, శస్త్రచికిత్సాభయంకరుడైన డాక్టరు కాలు మీద కాలు వేసుకున్నాడు. నడుమ, ముప్పై ఏళ్ళ కిందటి పతకాన్ని చొక్కాకు తగిలించుకున్న మల్లయోధశిఖామణి వస్తాదు, ఒక కుర్చీ చాలక రెండింటి మీద ఆసీనుడయ్యాడు. మూడు గీతలు, ముగ్గురు యోధులు. అయినా యుద్ధమెందుకంటారా? మొదటి గీత ఎవరిది!

“విద్య లేనిదే దేశం లేదు! ఈ ఊరికి ఎక్కాలు నేర్పింది నేను!” అని హెడ్మాస్టరు గర్జించాడు.

“మాస్టారూ, మీరు నేర్పింది ఎక్కాలు. నేను కాపాడింది ప్రాణాలు,” అన్నాడు డాక్టరు.

“ఆ ప్రాణాల్లో సగం నా శిష్యులవే! నా దగ్గర లెక్క నేర్చుకోబట్టే మీరిచ్చిన మాత్రలు రోజుకెన్నో తప్పకుండా వేసుకుని బతికారు.”

“మీరిద్దరూ కుర్చీలో కూర్చుని గెలిచారు. నేను మట్టిలో పడి గెలిచాను,” అన్నాడు వస్తాదు.

“పడితే ఓడినట్టు కాదా?” అని వెనకనుంచి ఎవరో అన్నారు.

ఈ విధంగా వాగ్బాణవర్షం రెండు గంటలు ఎడతెగక కురిసింది. అధ్యక్షపీఠం మీదున్న గ్రంథాలయాధికారి గడియారాన్ని చూసి, మొదటి గీత మీద ముగ్గురి పేర్లూ పక్కపక్కన చిన్న అక్షరాలతో ఇరికించి, మిగిలిన రెండు గీతలూ కొట్టేసి, సామ్రాజ్యాలను చీల్చిన మేధావులకు కూడా తట్టని సంధిమార్గం కనిపెట్టాడు.

అప్పుడు పెద్దమ్మ లేచింది.

“నాదో పేరుంది నాయనా.”

“ఖాళీ లేదు పెద్దమ్మా. మీవాళ్ళెవరైనా ఉంటే ‘ఇతరులు’లో వేస్తాను. ఇప్పటికి పదకొండు మంది. ఇదిగో, పన్నెండు చేశాను. చాలా?”

“మా చెల్లెలు పన్నెండు కాదు బాబూ. దానికి పేరుంది.” ఆమె ఇంటిపేరుతో సహా చెప్పింది. వరదా, పెట్టే, నూట పన్నెండు మంది పిల్లలూ చెప్పింది.

హెడ్మాస్టరు గొంతు సవరించుకున్నాడు. “చాలా బాధాకరం. కానీ ఆధారం ఉండాలి కదమ్మా. బతికుంటే సంతకం కావాలి. పోయుంటే మరణపత్రం కావాలి. అది రూలు.”

“పోయిందని నేనెప్పుడూ అనలేదు మాస్టారూ. రాలేదన్నాను.”

“మరి ఏం రాయమంటారు?” అన్నాడు అధికారి విసుగ్గా. “పెద్దమ్మా, ఇందులో పేరు రాసినంత మాత్రాన అవార్డు రాదు.”

“అవార్డు ఎవరడిగారు? దాన్ని వీళ్ళు ముగ్గురూ మూడు ముక్కలు చేసి పంచుకోనీ. సర్కారు కాగితంలో దాని పేరు ఒకచోట ఎర్రసిరాతో ఉంది. ఇంకోచోట నల్లసిరాతో ఉండాలి. నేను పోయేలోపల. అంతే.”

“కుదరదు,” అన్నాడు అధికారి. కాగితాలు మూడూ కలిపి స్టాప్లరుతో టక్కున కొట్టబోయాడు.

సరిగ్గా అప్పుడే డాక్టరు ఉత్తర్వు చివరి వాక్యం చూసి కెవ్వున కేకపెట్టాడు. “ఆగండి! పిన్నులు కొట్టినవి తిప్పి పంపుతారట. దారంతో కుట్టి సీలు వేయాలట!”

మహాప్రళయం! పద్నాలుగు ప్రశంసాపత్రాలు వణికాయి. నాలుగూ నలభై అయింది. ఎక్కాల సార్వభౌముడికి సూదిలో దారం ఎక్కించడం రాదు. వేల కడుపులు కోసి కుట్టిన డాక్టరు “నాకు కత్తెరా, నర్సూ ఉంటే గానీ...” అని నసిగాడు. వస్తాదు వేళ్ళలో సూది కనిపించకుండా పోయింది. ఊరు మొత్తానికీ బైండింగు తెలిసిన మనిషి ఒక్కరే, ఆ మనిషి ఎదురుగానే నిలబడి ఉంది.

“కుడతాను,” అంది పెద్దమ్మ. పైట అంచున గుచ్చుకున్న సూది తీసింది, మైనం పట్టించిన దారం రొంటిలోంచి తీసింది. “మూడు కాగితాలు కుట్టను. నాలుగు కుడతాను.”

“నాలుగోది ఎక్కడుంది?”

“మీరు రాస్తారుగా.”

రెండు గంటలుగా ఏ ఒక్క మాట మీదా కలవని త్రిమూర్తులు ఏకకంఠంతో “రాసెయ్యండి సార్!” అని ఘోషించారు. వస్తాదైతే కాగితం తానే అందించాడు. “పన్నెండు కొట్టేసి పదకొండు చేయండి,” అని కూడా పెద్దమ్మ గుర్తుచేసింది. అధికారి చేశాడు. ఆమె చెప్పింది చెప్పినట్టు నల్లసిరాతో రాశాడు. మధ్యలో ‘విధినిర్వహణలో అసమాన త్యాగం’ అని కలపబోతే, “నేను చెప్పలేదు, కొట్టెయ్యి” అంది. నాలుగు పోట్లలో కుట్టు పూర్తయింది. ఎర్రలక్క కరిగింది. సీలు పడింది. నాలుగు యాభై ఎనిమిదికి కవరు గుమాస్తా చేతికి వెళ్ళింది.

జనులారా, వినండి! చతురంగబలాలు లేకుండా, ఒక్క సూదితో, ఆ వీరమాత గెలిచింది. రాజ్యం గెలవలేదు, పురస్కారం గెలవలేదు. అరఠావు కాగితం గెలిచింది, దాని మూలన ‘4/4’ అన్న అంకె గెలిచింది. దిక్కులు పిక్కటిల్లేలా జయభేరి మోగించడానికి ఎవరూ మిగల్లేదు. బస్సు టైమని అందరూ వెళ్ళిపోయారు.

నాలుగో కాగితంలో, ఇంటిపేరుతో సహా రాసిన ఆమె పేరు కింద ఉన్నది ఇంతే. నా చెల్లెలు, నర్సు, వయసు ఇరవై ఆరు. నలభై ఒక్క ఏళ్ళ కిందట, ఆగస్టు తొమ్మిది, మంగళవారం ఉదయం ఆరున్నరకు టీకాల పెట్టెతో పడవెక్కింది. తిరిగి రాలేదు.