తెలిసినంతవరకు ఒక్కతే భార్య

పదింటికల్లా అర్జీ రాసేయాలి, పదకొండింటికల్లా ఏ.ఓ. గారి బల్ల మీద పెట్టేయాలి, పన్నెండింటికి వెళ్ళి వానపాములకు తడి మట్టి వేసుకోవాలి. ఆ రోజు పొద్దున్న వానపాముల సారు అనుకున్నది ఇంతే. ఇందులో కొంప మునిగేందుకు చోటెక్కడుంది చెప్పండి?

ఆయన మట్టి పరిశోధన కేంద్రంలో శాస్త్రవేత్త. పన్నెండేళ్ళుగా వానపాములతోనే సహవాసం కాబట్టి అసలు పేరు జీతం పట్టీలో తప్ప ఎక్కడా వినబడదు. భార్య ఎనిమిది గంటల బస్సు ప్రయాణమంత దూరంలో ఒక పెద్దాసుపత్రిలో నర్సు. పెళ్ళయి నాలుగేళ్ళు. దొరికిన సెలవులన్నీ కలుపుకుంటే ఒకే కప్పు కింద ఉన్నది నాలుగు నెలలు. ఆవిడ డ్యూటీ దిగేసరికి ఈయన ప్రయోగశాలలో ఉంటాడు, ఈయన ఇల్లు చేరేసరికి ఆవిడ మళ్ళీ డ్యూటీ ఎక్కుతుంది. రోజుకో పావుగంట ఫోను, అంతే కాపురం. ఇంట్లో రెండో దిండు మాసిందే లేదు, దాన్ని చూసినప్పుడల్లా సారుకు గుండె చివుక్కుమంటుంది. ఇన్నాళ్ళకు ఆవిడ ఊళ్ళోని కేంద్రంలో ఒక ఖాళీ పడింది. బదిలీ అర్జీకి ఆఖరు గడువు ఆ సాయంత్రం అయిదు గంటలు.

అర్జీ ఇంగ్లీషులో ఉండాలి. సారుకు ఇంగ్లీషంటే బల్లకెదురుగా గోడకు అతికించిన కాగితమే. శాస్త్ర వ్యాసాల్లో పనికొచ్చే వాక్యాలన్నీ వరసగా రాసి, చదువుకునే రోజుల్లో గురువుగారు ఇచ్చింది. దాని పుణ్యమా అని పదమూడు వ్యాసాలు అచ్చయ్యాయి. దేన్నీ ఖాయంగా అనకూడదన్న సంగతి కూడా అదే నేర్పింది. నెత్తి మీద వాన పడుతున్నా "కురుస్తున్నట్టు కనబడుతోంది" అనే స్థితికి వచ్చాడు మానవుడు.

"టు ద బెస్ట్ ఆఫ్ అవర్ నాలెడ్జ్, నాకు భార్య ఒక్కతే" అని మొదలుపెట్టాడు. "రిజల్ట్స్ సజెస్ట్ దట్" ఆమె నా కోసం బెంగ పెట్టుకుని ఉండవచ్చు అన్నాడు. "హౌ ఎవర్", ఫోను సంభాషణలు స్వల్పం కాబట్టి కచ్చితంగా చెప్పలేమని సర్దాడు. చివర్లో "ఫర్దర్ ఇన్వెస్టిగేషన్ ఈజ్ నీడెడ్" అని ముక్తాయించాడు. రెండుసార్లు చదువుకుని, ఇంత పకడ్బందీ అర్జీ ఈ కేంద్రంలో ఎవరూ రాసి ఉండరని మురిసిపోయాడు.

ఆఫీసు వ్యవహారాలు చూసే ఏ.ఓ. గారు ఏ కాగితాన్నయినా వేలు పెట్టి చదివే రకం. మొదటి వాక్యం దగ్గరే వేలు ఆగిపోయింది.

"మీకు తెలిసినంతవరకు ఒక్కతేనా?"

"అవునండీ."

"అంటే, తెలియకుండా ఇంకెవరైనా ఉండొచ్చంటారు?"

"రామ రామ! అలా రాయడం మా పద్ధతండీ."

"విచారణ అవసరం అని కూడా రాశారు. కింద సంతకం మీదే. అవసరమని తెలిసీ చేయించకపోతే రేపు నా మెడకు చుట్టుకోదూ?"

సారు నోరు తెరిచేలోగా ఏ.ఓ. గారు ఆస్పత్రికి మెయిలు పంపేశారు. ఫలానా నర్సుగారికి భర్త ఉన్నారా, ఉంటే ఈయనేనా, ఈయన కోసం ఆమెకు నిజంగా బెంగ ఉందా, విచారించి వెంటనే తెలుపగలరు. ఆస్పత్రి ఆఫీసులో ఇద్దరు చదివారు, నలుగురికి చెప్పారు. ఆ మాట వార్డు చేరేసరికి నర్సుగారి మొగుడికి రెండో సంసారం ఉందని తేలిపోయింది. మధ్యాహ్నం బావమరిది ఫోను చేశాడు.

"బావా, ఆ రెండో ఆవిడెవరు?"

"రెండో ఆవిడేంట్రా నీ మొహం! మీ అక్క ఒక్కతే, నాకు తెలిసినంతవరకు..."

పాడు అలవాటు, నోరు జారింది.

"తెలిసినంతవరకేంటి బావా? అక్కడే ఉండు, బస్సెక్కుతున్నా!"

మూడింటికి ఆస్పత్రి నుంచి జవాబు వచ్చింది. వివాహ విషయమై కమిటీ వేశామనీ, నివేదికకు పదిహేను రోజులు పడుతుందనీ. సారు గుడ్లు తేలేశాడు. భార్యకు ఫోను చేస్తే స్విచాఫ్.

"ఆ సోదంతా తీసేసి, ఒక్క ముక్క సూటిగా రాసివ్వండి. పంపేస్తాను" అన్నారు ఏ.ఓ. గారు, కాస్త జాలిపడి.

సారు కాగితాల కట్ట ముందేసుకుని కూర్చున్నాడు. ఎలా మొదలుపెట్టినా "ఇట్ అపియర్స్" దగ్గరికే వచ్చి ఆగుతోంది. ఎనిమిది కాగితాలు చింపాడు. ఈ ఖాళీ పోతే మళ్ళీ ఎన్నేళ్ళకో! నాలుగున్నరకు ఖాళీ చేతులతో ఏ.ఓ. గారి ముందు నిలబడితే, ఆయనే వార్డు నంబరు కలిపి స్పీకరు నొక్కారు.

"ఆవిడ చేతే ఔననిపించండి. నేను విని రాసుకుంటాను."

అవతల ఎవరో ఆడగొంతు "హలో" అంది. అంతే, సారుకు ఆగలేదు.

"ఏమేవ్, ఫోను పెట్టేయకు! నాకు నువ్వొక్కదానివే. ఇందులో అనుమానం లేదు, విచారణ లేదు. సాయంత్రమైతే ఇంటికెళ్ళాలంటే భయమేస్తుందే నాకు. తాళం తీసి లోపలికెళితే వచ్చారా అనే దిక్కుండదు. కూర బాగా కుదిరినా నీకే చెప్పాలనిపిస్తుంది, వానపాములు గుడ్లు పెట్టినా నీకే చెప్పాలనిపిస్తుంది. పావుగంటలో ఏం చెప్పుకోను? నీతో ఉండాలనుంది. రోజూ. చచ్చేదాకా."

పక్క బల్ల దగ్గరి టైపిస్టు కొంగుతో కళ్ళొత్తుకుంది. ఏ.ఓ. గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. అవతల ముక్కు చీదిన చప్పుడైంది.

"బాబూ, నేను మేట్రన్‌ని. మీ ఆవిడ ఆపరేషన్ థియేటర్లో ఉంది."

సారుకు భూమిలోకి దూరిపోవాలనిపించింది. వానపాములతో అంత పరిచయం ఉన్నా ఆ విద్య మాత్రం ఆయనకు రాదు.

"ముప్ఫై ఏళ్ళుగా ఇక్కడ చేస్తున్నాను" అంది మేట్రన్ గారు. "ఇలాంటి మాట నాతో ఒక్కరూ అనలేదు. మీరు అన్నది నాకు కాకపోయినా, విన్నది నేనే కదా. ఆ కమిటీ సంగతి నేను చూసుకుంటాను. మీ పనికి కావలసిన కాగితం నేనే రాసి ఇప్పుడే పంపిస్తున్నా."

అయిదుకు ఇంకా పది నిమిషాలుండగా కాగితం వచ్చింది. ఏ.ఓ. గారు వేలు పెట్టకుండానే ముద్ర వేసి పైకి పంపేశారు. బావమరిదికి ఎవరో ఫోను చేసి చెబితే సగం దారిలో బస్సు దిగిపోయాడు.

ఆరింటికి భార్య ఫోను చేసింది.

"వార్డంతా విందట. మీ ఆఫీసంతా విందట. మా తమ్ముడికి కూడా తెలిసిందట. నేనొక్కదాన్నే వినలేదు." గొంతులో కోపం లేదు. "నాకూ చెప్పండి."

సారు చెప్పాడు, మొదట్నుంచీ, ఒక్క మాట వదలకుండా. అటు ఆవిడ ఏడుస్తోందని తెలుస్తూనే ఉంది, ఈయనా ఏడ్చాడు.

పదకొండో రోజున బదిలీ ఉత్తర్వు చేతికొచ్చింది. కారణం అన్న చోట భార్య ఊసే లేదు, మేట్రన్ గారి అభ్యర్థన మేరకు అని ఉంది.